పిల్లలకు ఈత ఎక్కడ నేర్పిద్దాం: పూల్‌లోనా, ఊరి బావిలోనా, చెరువులోనా?

ఏప్రిల్ ఆఖర్లో బడులకు సెలవులిచ్చింది మొదలు జూన్ 12న మళ్లీ తెరిచేదాకా నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో పిల్లలున్న ఇళ్లల్లో ఈ మాట ఒక్కసారైనా వస్తుంది. టౌన్లో స్విమ్మింగ్ పూల్‌లో చేర్పిద్దామా, అమ్మమ్మ వాళ్ల ఊరికి పంపి మామ చేత బావిలో నేర్పిద్దామా అని. తాత "మాకు ఏ కోచ్ నేర్పించాడు?" అంటాడు. బావి అన్న మాట వింటేనే తల్లికి టెన్షన్. ఇద్దరి మాటలోనూ నిజం ఉంది. అందుకే చర్చ ఎటూ తేలదు, సెలవులు అయిపోతాయి, పిల్లవాడు ఈత రాకుండానే పై క్లాసుకు వెళ్లిపోతాడు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. నేర్పే మనిషి ఎవరు, ఒకేసారి ఎంతమందిని చూసుకుంటున్నాడు అన్నది మొదట చూడాలి. నీళ్లు ఎక్కడివన్నది ఆ తర్వాత. వీలున్నవాళ్లు పూల్‌లో మొదలుపెట్టి, ఊరి నీళ్లలో పూర్తి చేయిస్తే మన ప్రాంతపు పిల్లలకు అన్నిటికన్నా మేలు. పూల్ దగ్గర్లో లేని ఊళ్లో మెట్లున్న బావి, ఓపికున్న మామ దొరికితే వెనకాడక్కర్లేదు. కాలువ, పెన్న, సముద్రం మాత్రం ఈత నేర్చుకునే చోట్లు కావు. ఈత వచ్చాక, పెద్దవాళ్లు పక్కనుండగా, వాటి తీరు తెలుసుకోవాలి.

పడితే ఎక్కడ పడతాడు?

పోటీల కోసం నేర్పించేవాళ్ల సంగతి వేరు. ఎక్కువమంది తల్లిదండ్రులకు కావలసింది ఒక్కటే, బిడ్డ నీళ్లలో పడితే బయటికి రావాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024లో ఇచ్చిన నివేదిక ప్రకారం, 2021 ఒక్క ఏడాదిలోనే ప్రపంచంలో సుమారు 3 లక్షల మంది నీట మునిగి చనిపోయారు. 5 నుంచి 14 ఏళ్ల పిల్లల చావులకు ఇది మూడో పెద్ద కారణం. అంటే ఇది సెలవుల్లో కాలక్షేపానికి చేర్పించే క్లాసు కాదు.

కాబట్టి ముందు మీ ఇంటి చుట్టుపక్కల, బడికి వెళ్లే దారిలో ఏ నీళ్లున్నాయో చూడండి. పెన్నా డెల్టాలో అయితే కాలువలు. సిమెంటు లైనింగ్ వేసిన కాలువ చూడటానికి శుభ్రంగా ఉంటుంది గానీ, గట్టు వాలుగా, నాచు పట్టి ఉంటుంది. ఈత వచ్చిన పిల్లవాడు కూడా ఒడ్డుదాకా వచ్చి, చెయ్యి ఆనక జారిపోతూ ఉంటాడు. ఇందుకూరుపేట, ముత్తుకూరు వైపు రొయ్యల గుంటలు. కొన్ని గుంటలకు గట్టు పొడవునా ప్లాస్టిక్ షీటు పరిచి ఉంటుంది, అది తడిస్తే పెద్దవాళ్లకే కాలు నిలవదు. పైగా నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లకు కరెంటు వైర్లు నీళ్లలోకి వెళ్తుంటాయి. చీమకుర్తి వైపు గెలాక్సీ గ్రానైట్ తీసిన క్వారీ గుంతల్లో నీళ్లు నిలిస్తే, ఒడ్డు నుంచి మొదటి అడుగే నిలువు లోతులో పడుతుంది. పెన్నలో, గుండ్లకమ్మలో ఇసుక తవ్వినచోట మోకాలిలోతులో నడుస్తున్నవాడు ఒక్కసారిగా మునిగిపోవచ్చు.

నెల్లూరు, ఒంగోలు టౌన్లలో పెరిగే పిల్లలకు ఇవేవీ రోజూ ఎదురు కావు. వాళ్లకు ఇంట్లో సంపు, అపార్ట్‌మెంట్ పూల్, కార్తీక పౌర్ణమికి కుటుంబమంతా వెళ్లే మైపాడు, కొత్తపట్నం తీరాలు.

ఈ లెక్క ఎందుకంటే, పూల్‌లో అయినా బావిలో అయినా మొదటి పాఠాలు ఒకటే. ఆఖరి పాఠాలు మాత్రం ఇంటి దగ్గరున్న నీళ్లను బట్టి మారాలి. కాలువ పక్కనుండే పిల్లకు పారే నీళ్లలో ఎదురీదకుండా, ప్రవాహంతో పోతూ ఏటవాలుగా ఒడ్డు చేరడం తెలియాలి. క్వారీల దగ్గరున్నవాడికి పట్టు దొరికేదాకా తేలుతూ ఉండటం రావాలి. ఇది ఏ సమ్మర్ క్యాంపులోనూ నేర్పరు. మనమే గుర్తు పెట్టుకోవాలి.

పూల్

పూల్‌లో అడుగు కనబడుతుంది, లోతు ఎంతో తెలుసు, ఎటు తిరిగినా పట్టుకోవడానికి అంచు ఉంది. భయపడే పిల్లలకు ఈ మూడూ పెద్ద వరాలు. ఛాతీలోతు నీళ్లలో కాలు ఆనుతుందని తెలిస్తేనే పిల్ల ధైర్యంగా ముఖం ముంచుతుంది. ఈత మొత్తానికి తలుపు తెరిచేది ఆ ముఖం ముంచడమే.

మంచి కోచ్ వరస ఇలా ఉంటుంది. ముందు నోరు నీళ్లలో పెట్టి బుడగలు వదిలిస్తాడు. తర్వాత ముఖం మొత్తం ముంచి బుడగలు. గోడ పట్టుకుని కాళ్లు ఆడించడం. బోర్లా తేలడం, వెల్లకిలా తేలడం. గోడను కాళ్లతో తన్ని బాణంలా జారడం. చేతులు వేయడం అన్నిటికన్నా ఆఖర్న. మొదటి రోజే "చేతులు ఆడించు, కాళ్లు ఆడించు" అని గట్టు మీద నిలబడి అరిచే కోచ్ అయితే ఆలోచించుకోండి.

తేలడం ముందు, చేతులు తర్వాత ఎందుకు? ఊపిరితిత్తుల నిండా గాలి ఉన్నంతసేపు మనిషి ఛాతీ దానంతటదే పైకి తేలుతుంది, బరువైన కాళ్లు కిందికి లాగుతాయి. పిల్లవాడు భయపడి తల పైకెత్తగానే నడుము, కాళ్లు ఇంకా దిగిపోతాయి, ఒళ్లు నిట్టనిలువుగా అవుతుంది, ఎంత కొట్టుకున్నా ముందుకు పోడు. తల నీళ్లలోకి దించితే నడుము పైకి వస్తుంది. ఈ ఒక్క సంగతి ఒంటికి అర్థమైన రోజున ఈత సగం వచ్చినట్టే. బక్కపిల్లలకు తేలడం కొంచెం కష్టం, ఒంట్లో కొవ్వు తక్కువ కాబట్టి. ఇంకా తేలడం లేదని వాళ్లను పక్కపిల్లలతో పోల్చి తిట్టొద్దు.

పూల్‌లో చేర్పించే ముందు ఒకరోజు పిల్లను తీసుకెళ్లకుండా మీరొక్కరే వెళ్లి, ఒక బ్యాచ్ మొదలైనప్పటి నుంచి అయిపోయేదాకా కూర్చోండి. ఒక్కో కోచ్‌కు ఎంతమంది పిల్లలో లెక్కపెట్టండి. 45 నిమిషాల క్లాసులో 20 మంది ఉంటే మీ పిల్లకు దక్కేది రెండు నిమిషాల చిల్లర. మిగతా సమయం అంచు పట్టుకుని వణుకుతూ నిలబడుతుంది. కొత్తగా నేర్చుకునేవాళ్లకు ఒక కోచ్‌కు ఆరుగురు, మహా అయితే ఎనిమిది మంది, అంతకు మించకూడదని నా పట్టుదల. కోచ్ నీళ్లలో దిగి నేర్పుతున్నాడా, గట్టు మీద నుంచి విజిల్ వేస్తున్నాడా? నేర్పే పని లేకుండా, ఫోన్ చూడకుండా, నీళ్లను మాత్రమే చూస్తూ ఒక మనిషి ఉన్నాడా? ఆ ఒక్క మనిషి లేని పూల్‌కి ఫీజు తక్కువని పంపడం నాకు అస్సలు ఇష్టం ఉండదు. ఎందుకంటే మునిగే పిల్లలు సినిమాల్లో చూపించినట్టు కేకలు వేయరు. నోరు నీళ్ల మట్టానికి వచ్చి, తల వెనక్కి వాలి, చప్పుడు లేకుండా నిమిషంలోపే కిందికి పోతారు. చుట్టూ 20 మంది ఆడుకుంటుంటే, చూడటమే పనిగా పెట్టుకున్న మనిషి తప్ప ఇంకెవరూ గమనించలేరు.

నీళ్లు కూడా చూడండి. లోతున్న వైపు అడుగున ఉండే జాలీ గట్టు మీద నుంచి స్పష్టంగా కనిపించాలి. కనిపించలేదంటే, అక్కడ మునిగిన పిల్ల కూడా కనిపించదు. క్లోరిన్ వాసన గుప్పుమంటే బాగా శుభ్రం చేస్తున్నారని చాలామంది అనుకుంటారు. అసలు సంగతి వేరు. చెమట, మూత్రం క్లోరిన్‌తో కలిసినప్పుడు వచ్చే ఘాటు అది. సరిగ్గా చూసుకునే పూల్‌లో అంత వాసన రాదు, కళ్లు మండవు. క్లోరిన్, పీహెచ్ (నీళ్లలో ఆమ్లం, క్షారం ఎంతో చెప్పే కొలత) రోజూ పరీక్షించి రాసిపెడుతున్నారా అని అడగండి. పీహెచ్ 7.2 నుంచి 7.8 మధ్య ఉండాలి. అడిగితే విసుక్కునేచోట మీకు జవాబు దొరికినట్టే.

మే నెల క్యాంపుల్లో రద్దీ ఎక్కువ. వీలుంటే జూన్, జూలైలో సాయంత్రం బ్యాచ్‌లో చేర్పించండి. మన వైపు అప్పటికి కూడా ఎండలకు కొదవ ఉండదు, బ్యాచ్‌లు మాత్రం పలచబడతాయి.

ఇక పూల్ లోటు ఏమిటంటే, అక్కడ అన్నీ అనుకూలంగా ఉంటాయి. కదలని నీళ్లు, గాగుల్స్, అలిస్తే పట్టుకోవడానికి అంచు. 25 మీటర్ల పూల్‌ను ఆ చివర నుంచి ఈ చివరకు ఈదే పిల్ల, అడుగు కనబడని ఒండ్రు నీళ్లలో దిగగానే బిగుసుకుపోవడం మామూలే. అందుకే పూల్ సర్టిఫికెట్ చేతికి రాగానే ఈత పూర్తయిందనుకోవద్దు.

బావి

ప్రకాశం పడమటి వైపు బోర్లు వచ్చాక చాలా బావులు ఎండిపోయాయి. నీళ్లున్న బావి, అందులోనూ దిగడానికి మెట్లున్న బావి దొరకడం ఇప్పుడు అదృష్టమే. ఉంటే దాన్ని తక్కువ చేసి చూడొద్దు. బావిలో దొరికేది పూల్‌లో డబ్బు పెట్టినా దొరకడం కష్టం: ఒక పిల్లకు ఒక పెద్దమనిషి. మామ కింది మెట్టు మీద నడుములోతులో నిలబడి, అరచెయ్యి పిల్లవాడి పొట్ట కింద పెట్టి, రోజుకొకింత ఆ చెయ్యి తేలిక చేస్తూ పోతాడు. మొదటి రోజు నుంచీ కింద లోతే కాబట్టి, ఈత వచ్చాక లోతంటే ప్రత్యేకంగా భయం ఉండదు. నిలువునా తేలుతూ ఉండటం, ముక్కులోకి నీళ్లు పోయినా కంగారు పడకపోవడం, గట్టు మీద నుంచి దూకి పైకి రావడం, ఇవన్నీ అడక్కుండానే వస్తాయి.

తేలడానికి ఒంటికి కట్టే సొరబుర్ర, బెండు గురించి ఇక్కడ కొంచెం వివరంగా చెప్పాలి. ఎండిన సొరబుర్రలు రెండు తాడుతో కలిపి వీపుకు కట్టి దింపడం మన పాత పద్ధతి. ఇప్పుడు వాటి బదులు 5 లీటర్ల నూనె డబ్బా. ఏది కట్టినా ఎక్కడ కట్టారన్నదే ప్రాణం. నడుముకు కట్టకూడదు. అలా కడితే పిరుదులు పైకి తేలి తల కిందికి పోతుంది. చంకల కింద నుంచి తెచ్చి, డబ్బా రెండు రెక్కల మధ్య, వీపు పైభాగాన ఉండేలా కట్టాలి. సన్నటి నైలాన్ తాడు ఒరుసుకుపోతుంది, పాత పంచె చింపిన పేలిక మేలు. జారుముడి వేయొద్దు. మూత కింద పాలిథిన్ ముక్క పెట్టి బిగిస్తే లోపలికి నీళ్లు దిగవు. డబ్బాతో ఇంకో సౌకర్యం ఉంది. పిల్లవాడు కుదురుకున్న కొద్దీ రెండు మూడు రోజులకోసారి అందులో కాసిని నీళ్లు పోస్తూ పొండి. పైకి లేపే బలం తగ్గుతూ వస్తుంది, ఆ తగ్గింది వాడికి తెలియను కూడా తెలియదు. ఒక రోజుకు డబ్బా నీళ్లతో నిండిపోయి ఉంటుంది, వాడు మాత్రం ఈదుతుంటాడు.

షాపుల్లో దొరికే చేతి బెలూన్ల కన్నా ఇది చాలా నయం. బెలూన్లు చేతులను పైకి లాగి పిల్లను నిలువుగా వేలాడదీస్తాయి, కాళ్లు కిందికి జారతాయి, ఆ అలవాటు మానిపించడం తర్వాత పెద్ద పని. లారీ ట్యూబులో పిల్ల మధ్య సందులోంచి జారిపోవచ్చు, పైగా దాని వాల్వు కడుపును గీసేస్తుంది. ఆడుకోవడానికి సరే, నేర్చుకోవడానికి వద్దు.

బావి విషయంలో నాకు ఏ మాత్రం ఒప్పుదల లేనిది ఒకటుంది. "తోసేస్తే వాడే నేర్చుకుంటాడు" అనే మాట. అలా తోస్తే నేర్చుకున్నవాళ్లు కనిపిస్తారు, వాళ్లే ఆ కథ చెబుతారు. నీళ్లు మింగి, ఊపిరాడక, పైకి వచ్చాక ఇంక జన్మలో నీళ్ల దగ్గరికి పోని పిల్లలు ఆ కథ చెప్పరు. తోసే మామ, తోసే చిన్నాయన ఉంటే ఆ బావి మీ బిడ్డకు వద్దు.

దింపే ముందు చూడాల్సినవి ఇంకొన్ని ఉన్నాయి. కరెంటు మోటారు ఉంటే, పిల్లలు నీళ్లలో ఉన్నంతసేపు మెయిన్ స్విచ్ కట్టేసి, ఎవరూ వేయకుండా అక్కడొక మనిషిని పెట్టాలి. చాలాకాలం వాడకుండా మూసేసిన బావిలోకి అసలు దిగొద్దు, లోపల గాలి చెడిపోయి ఉంటుంది. గట్టు మీద గట్టి మోకు ఒకటి, మూత బిగించిన ఖాళీ డబ్బా ఒకటి ఎప్పుడూ ఉండాలి. తలకిందులుగా దూకడం ఈత బాగా వచ్చేదాకా బంద్. నీళ్లు ఎంత లోతున్నాయో తెలియక దూకితే మెడ విరుగుతుంది. ఎవరు ఎక్కువసేపు మునిగుంటారో అని పందెం వేసుకోవడం పిల్లలకు సరదా. గబగబా ఊపిరి పీల్చి వదిలి మునిగితే, ఊపిరి కావాలన్న ఆరాటం పుట్టేలోపే స్పృహ తప్పొచ్చు. ఆ పందెం మాత్రం గట్టిగా మాన్పించాలి.

బావి ఈతకు ఉన్న అసలు లోటు ఊపిరి. బావిలో నేర్చుకున్నవాళ్లు ఎక్కువమంది తల ఎత్తే ఈదుతారు. కాసేపటికే మెడ నొప్పెడుతుంది, ఆయాసం వస్తుంది. నీళ్లలో ఊపిరి వదిలి, పక్కకు తిరిగి పీల్చడం తెలిస్తే అదే పిల్లవాడు రెండింతలు దూరం పోతాడు. మామకు తెలియకపోతే ఇంట్లో బకెట్ నీళ్లలో ముఖం పెట్టి బుడగలు వదిలించండి, మీరు పక్కనే కూర్చుని. ఇందులో పావు వంతు పని ఇంట్లోనే అయిపోతుంది.

చెరువు, కాలువ, సముద్రం

చెరువులో అడుగు తెలియదు. ఒండ్రులో కాలు దిగబడుతుంది, గుర్రపుడెక్క, తామర తూడులు చుట్టుకుంటాయి. అయినా చెరువును మొత్తంగా కొట్టిపారేయను. బంగ్లాదేశ్‌లో స్విమ్‌సేఫ్ అనే కార్యక్రమం కింద ఊరి చెరువుల్లోనే లక్షల మంది పిల్లలకు ఈత నేర్పారు. నీళ్లలో వెదురుతో వేదిక కట్టి, దాని అడుగు పిల్లల ఛాతీలోతులో ఉండేలా చూసి, ఆ ఊరివాళ్లకే శిక్షణ ఇచ్చి నేర్పించారు. 25 మీటర్లు ఈదడం, 30 సెకన్లు తేలుతూ ఉండటం వస్తేనే నేర్చుకున్నట్టు లెక్క. మన తీరం పొడవునా సరుగుడు తోపులే. నాలుగు వైపులా సరుగుడు కట్టెలు పాతి, అడుగున వెదురు తడికె పరిచి, ఊరంతా కలిసి ఒక మూల ఇలాంటిది కట్టుకోవడం పెద్ద ఖర్చుతో పని కాదు. పంచాయతీ సర్పంచులు, బడి టీచర్లు మనసు పెడితే పూల్ లేని ఊళ్లకు ఇంతకన్నా మంచి దారి నాకు కనిపించడం లేదు.

కాలువ వద్దు. పైన గేటు ఎత్తితే నిన్నటి మోకాలిలోతు ఇవాళ గొంతులోతు అవుతుంది. తూముల దగ్గర నీళ్లు లోపలికి లాగే బలానికి పెద్ద ఈతగాళ్లే నిలవలేరు. టౌన్లోంచి పారే కాలువల్లో మురుగు సరేసరి.

సముద్రంలో ఉప్పు వల్ల తేలడం తేలికే, కానీ అల మొదటి పాఠం చెప్పనివ్వదు. పట్టపుపాలేల (జాలర్ల ఊళ్ల) పిల్లలు సముద్రంలో చేపల్లా ఈదుతారని మెచ్చుకుంటాం. వాళ్లకు చిన్నప్పటి నుంచీ ఉప్పుటేళ్లు, బకింగ్‌హాం కాలువ ఉన్నాయి, పక్కన నీళ్లు ఎరిగిన పెద్దవాళ్లు ఉన్నారు. మనం ఏడాదికోసారి మైపాడు వెళ్లి ఆ పోలిక పెట్టుకోవద్దు. పిల్లలకు ఒక్కటి మాత్రం చెప్పి తీసుకెళ్లండి: నీళ్లు లోపలికి లాగుతుంటే ఒడ్డు వైపు ఎదురీదొద్దు, ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈదాలి. లాగుడు వదిలాక ఒడ్డుకు రావాలి. అది చేతకాకపోతే వెల్లకిలా తేలుతూ చెయ్యి ఊపాలి.

కేరళలో మెదడు తినే అమీబా కేసులు వచ్చినప్పటి నుంచి తల్లిదండ్రులు దాని గురించి కూడా అడుగుతున్నారు. అది చాలా అరుదు. అయితే సోకితే ప్రాణాంతకం. వెచ్చటి, ఉప్పులేని నీళ్లు, ఎక్కువగా కదలకుండా నిలిచినవి, ముక్కులోకి ఎక్కినప్పుడు సోకుతుంది, తాగితే రాదు. నడివేసవిలో అడుగంటిన కుంటల్లో పిల్లల్ని దించకపోవడం, దూకేటప్పుడు ముక్కు మూసుకోవడం, ముక్కు క్లిప్పు వాడటం వల్ల ఆ ప్రమాదం తగ్గుతుంది. ఈతకెళ్లొచ్చిన కొద్ది రోజుల్లో విపరీతమైన తలనొప్పి, జ్వరం, వాంతులు వస్తే డాక్టరుకు ఈత సంగతి తప్పకుండా చెప్పండి.

ఏ వయసులో, ఎవరికి

అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం ఏడాది నిండిన తర్వాత ఎప్పుడైనా మొదలుపెట్టొచ్చని, నాలుగేళ్లకు చాలామంది పిల్లలు సిద్ధంగా ఉంటారని చెబుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆరేళ్లు దాటిన బడిపిల్లలకు నేర్పించమంటుంది. మన దగ్గరున్న వసతులు చూస్తే పూల్‌కు ఐదారేళ్లు, బావికి ఎనిమిదేళ్లు సరైన వయసని నా లెక్క. అంతకన్నా చిన్నపిల్లలకు ఈత కన్నా సంపు మూతకు తాళం, బాత్రూంలో బకెట్ బోర్లించి పెట్టడం, పక్కన మనిషి ఉండటం ముఖ్యం. మూర్ఛ ఉన్న పిల్లలకు డాక్టరును అడగకుండా మొదలుపెట్టొద్దు. పెదాలు నీలంగా మారితే, వణుకు మొదలైతే, ఇంకో ఐదు నిమిషాలని పేచీ పెట్టినా బయటికి తీసుకురండి.

ఆడపిల్లల గురించి ప్రత్యేకంగా చెప్పాలి. పదేళ్లు దాటగానే "ఇంక చాల్లే" అని ఆపేసే ఇళ్లు చాలా ఉన్నాయి. కాలువ గట్టు మీద బట్టలు ఉతికేది, ఒడ్డున తమ్ముడిని కనిపెట్టుకుని ఉండేది వాళ్లే. ఈత రావాల్సింది ముందు వాళ్లకే. చేతులు, కాళ్లు కప్పే లైక్రా డ్రెస్సులు ఇప్పుడు దొరుకుతున్నాయి. నూలు చుడీదార్, చున్నీతో మాత్రం నేర్పించొద్దు, నీళ్లు పీల్చుకుని బరువెక్కి కిందికి లాగుతాయి. లేడీ కోచ్ ఉన్నారా, ఆడవాళ్లకు వేరే సమయం ఉందా అని నలుగురు తల్లులు కలిసి వెళ్లి అడిగితే పూల్ వాళ్లు సమయం కేటాయిస్తారు. ఒక్కరు అడిగితే లేదంటారు.

మీ ఇంటికి ఏది?

టౌన్లో ఉండి, పిల్ల భయస్తురాలైతే చిన్న బ్యాచ్‌లు నడిపే పూల్, అదీ రద్దీ తగ్గాక. అపార్ట్‌మెంట్‌లో పూల్ ఉండి కోచ్ లేకపోతే, బుడగలు, గోడ పట్టుకుని కాళ్లు, వెల్లకిలా తేలడం దాకా తండ్రో తల్లో నేర్పొచ్చు. తల్లిదండ్రుల్లో ఒక్కరికైనా ఈత వచ్చి ఉండాలి, నీళ్లు పిల్ల ఛాతీ దాటకూడదు. ఊళ్లో ఉండి పిల్లవాడు హుషారైనవాడైతే మామ బావి, తర్వాత ఊపిరి పాఠం కోసం టౌన్లో బంధువుల ఇంట్లో కొన్నాళ్లుంచి పూల్. డెల్టాలో బావీ లేదు, పూల్ కూడా దూరమంటే, సెలవుల్లో కాలువలో దింపడం కన్నా టౌన్లో పిన్ని ఇంట్లో ఉంచి నేర్పించడం ఎంతో నయం. ఖర్చు ఒక్కసారే.

ఎక్కడ నేర్చుకున్నా పరీక్ష మాత్రం ఒకటే పెట్టండి. అమెరికన్ రెడ్‌క్రాస్ చెప్పే ఐదు పనులు మనకు సరిగ్గా సరిపోతాయి. నిలువు లోతులోకి దూకాలి. పైకి వచ్చి ఒక నిమిషం తేలుతూ ఉండాలి. ఒక చుట్టు తిరిగి బయటికి దారి ఎటో చూసుకోవాలి. సుమారు 23 మీటర్లు ఆగకుండా ఈదాలి. నిచ్చెన లేకుండా ఒడ్డెక్కాలి. పూల్ వాళ్లను అడిగి ఆఖరి రోజున ఇవన్నీ బడి బట్టలతో చేయించండి. నీళ్లలో పడే పిల్లలు ఈత డ్రెస్సు వేసుకుని పడరు. బావిలో అయితే ఆ 23 మీటర్ల బదులు గోడ ముట్టుకోకుండా నాలుగైదు చుట్లు చాలు.

ఈ పరీక్ష పాసైన పిల్లవాడికి ఇంకో మాట ఖచ్చితంగా నేర్పాలి. స్నేహితుడు మునుగుతుంటే నీళ్లలోకి దూకొద్దు. మునిగేవాడు దొరికినదాన్ని పట్టుకుని కిందికి తొక్కేస్తాడు, పిల్లలు ఇద్దరు ముగ్గురు కలిసి పోయేది ఇందుకే. కర్ర అందించాలి, చున్నీ, పంచె విసరాలి, మూత బిగించిన ఖాళీ డబ్బా విసరాలి, పెద్దవాళ్లను కేకేయాలి. పెద్దవాళ్లకు తెలియాల్సింది ఇంకొంచెం. బయటికి తీశాక ఊపిరి లేకపోతే తలకిందులు చేసి తిప్పడం, పొట్ట నొక్కడం వద్దు. వెంటనే నోట్లో నోరు పెట్టి ఊపిరి ఊదాలి, ఛాతీ నొక్కాలి, ఈలోపు ఇంకొకరు 108కి ఫోన్ చేయాలి.

మే నెలలో నేర్చుకున్న ఈతను సంక్రాంతి సెలవుల్లో మళ్లీ ఒకసారి చూడండి. మనకు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడతాయి కాబట్టి, వేసవిలో అడుగున ఉన్న బావి నీళ్లు అప్పటికి పై మెట్ల దాకా వస్తాయి, చెరువులు, కాలువలు నిండి ఉంటాయి. పిల్ల ఏడెనిమిది నెలల్లో కొంచెం పొడుగు పెరిగి ఉంటుంది, ఒళ్లు బరువెక్కి ఉంటుంది, అలవాటు తప్పి ఉంటుంది. పండగకు ఊరికి వచ్చిన మామ ఒక ఉదయం, కాస్త ఎండెక్కాక, మళ్లీ ఆ ఐదు పనులూ చేయించి చూస్తే, వచ్చే వేసవిలో పూల్‌లో చేర్పించాలా వద్దా అన్నది అప్పుడే తేలిపోతుంది.